దుప్పిని కొట్టిన అమ్మ

వార్డెనమ్మ పోయిందని నాకు మంచిర్యాల బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు ఒకప్పుడు నస్పూర్ బడిలో నా దగ్గర సైన్సు చదువుకున్నాడు. ఇప్పుడు బొగ్గుబాయిలో పనిచేస్తున్నాడు. నేను కరీంనగర్ బస్సు కోసం నిలబడి ఉంటే చూసి, దగ్గరికి వచ్చి దండం పెట్టాడు. పక్కన భార్య, ఆమె చంకలో బిడ్డ. ఆ మాటా ఈ మాటా అయ్యాక అన్నాడు:

"సార్, మిషన్ కాంపౌండ్ల గా అమ్మ లేదూ, దుప్పిని కొట్టిన అమ్మ, మొన్న సచ్చిపోయిందట."

వాడు భార్య వైపు తిరిగి వివరించసాగాడు. క్రిస్మస్ ముందర బడి పిల్లలను అక్కడికి దుప్పిని చూడటానికి తీసుకుపోయేవారట. హాస్టల్లో ఒక వార్డెనమ్మ ఉండేదట. ఒక ఏడు ఆమె ఆ నోరులేని జీవాన్ని మట్టిగడ్డలతో, రాళ్ళతో కొట్టి తరిమిందట. పిల్లలంతా ఏడ్చారట. ఇదంతా చెప్పి నా వైపు చూసి, "సారైతే కొట్టలే. ఆమె కొట్టుమన్నా గూడ కొట్టలే. నాకు మంచిగ యాదికున్నది" అన్నాడు. వాడి భార్య నన్ను గౌరవంగా చూసింది.

అంతలో బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వాడు చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. నిజం, నిజం అని అరుస్తూ ఊరూరా సభలు పెట్టినవాణ్ణి నేను. ఏ ముక్కకు ఆ ముక్క నిజమే అయి, మొత్తం కలిస్తే ఇంత అన్యాయం అవుతుందని ఆ బస్సులో కూర్చున్నాక తెలిసింది. బస్సు కదిలేదాకా కూడా నేను తల తిప్పి వాళ్ళ వైపు చూడలేకపోయాను.

ఆమెను మొదట చూసింది గ్రంథాలయంలో. ఆ రోజుల్లో నాకు నోటి దురుసు ఎక్కువ. వారం వారం అక్కడ ఒక సభ జరిగేది. ఒక వారం జాతకాలను దులిపితే, ఇంకో వారం తాయెత్తులను. హిందువుల పండుగల మీద మాట్లాడి మాట్లాడి, పక్షపాతం అని ఎవరూ అనకూడదని, ఆ డిసెంబరులో క్రిస్మస్ తాతను పట్టుకున్నాను. ఎర్రకోటు ముసలివాడు, ఆకాశంలో బండి, దాన్ని లాగే దుప్పులు, ఇవన్నీ పిల్లల బుర్రల్లో పోసే కల్లు అన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక బెంచీ మీంచి ఒక పొడుగాటి మనిషి లేచింది. ముతక తెల్లచీర. మగవాళ్ళ చేతిగడియారం. కాళ్ళకు మాత్రం రబ్బరు బూట్లు, అవి ఆమె కాళ్ళకు బాగా పెద్దవి. మిషన్ వదిలి సొంత దేశం వెళ్ళిపోయిన దొరసాని విడిచిన బూట్లని తర్వాత తెలిసింది.

"సారూ, తాత సంగతి నాకు తెల్వది. దుప్పి అబద్ధమంటున్నరు. మా కాడ దుప్పి ఉన్నది. చూడకుండ మాట్లాడుడు మీ సిద్ధాంతం కాదు గదా, జర వచ్చి చూసి మాట్లాడుండ్రి" అంది.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. వాదంలో ఓడటం నాకు అలవాటు లేదు. మా ఇంటి చుట్టూ ఉన్న బాయి కార్మికుల పిల్లలను, నా తరగతిని, వెంటబెట్టుకుని ఆ శనివారమే బయలుదేరాను. ఆమె మోసాన్ని పిల్లల ముందే బయటపెడదామని నా ఎత్తు.

మిషన్ కాంపౌండు నస్పూర్‌కు అవతల, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఆడపిల్లల హాస్టలు, దాని వెనక పాడిపశువుల కొట్టం, కొంత పొలం. రోడ్డు మీద బస్సు దిగిన పిల్లలను లోపలికి తీసుకుపోవడానికి ఖాసిం అనే ముసలాయన టాంగాతో సిద్ధంగా ఉండేవాడు. ఏడాదంతా స్టేషను దగ్గర టాంగా తోలుకునే మనిషి. ఆ ఒక్కరోజు గుర్రం మెడకు గజ్జెలు, నుదుట ఎర్రకాగితం పువ్వు కట్టేవాడు. క్రిస్మస్ బండి ఎక్కుండ్రి, క్రిస్మస్ బండి ఎక్కుండ్రి అని పిలిచేవాడు. నువ్వు ముసల్మానువు గదా నీకెందుకయ్యా ఈ పండుగ అని నేను అడిగితే, పండుగ నాది కాదు సార్, గుర్రంది అన్నాడు.

కొట్టంలో ఆవులు, మేకలు, కుందేళ్ళు, ఎప్పుడూ కోపంగా ఉండే రెండు సీమకోళ్ళు. గోడకు ఒక పాత గ్రీటింగు కార్డు అంటించి ఉంది. మంచు, చక్రాల్లేని బండి, దాన్ని లాగుతున్న కొమ్ముల జంతువులు. ఇదిగో దొరికింది అనుకున్నాను. వార్డెనమ్మ పిల్లలను ఆ కార్డు ముందు నిలబెట్టి చెప్పింది: ఈ బొమ్మలో ఉన్నది మంచు దేశంలో ఉంటుంది, అక్కడివాళ్ళు దాని పాలు తాగుతారు, బండికి కడతారు, మన ఎడ్ల లాగా. అది గాలిలో ఎగరదు, ఎగురుతుందని ఎవరైనా అంటే నవ్వండి. మన దగ్గర ఉన్నది దానికి వేలు విడిచిన చుట్టం. పదండి, పలకరిద్దాం.

నా ఎత్తు అక్కడితో చిత్తయింది. బయటపెట్టడానికి అక్కడ ఏ మోసమూ లేదు.

ఆమె మనుషులతో మాట్లాడేటప్పుడు ఎవరినీ లెక్కచేసేది కాదు. హాస్టల్ పిల్లలను ఓ పోరీ అని, పాలు పోయించుకునే గుమస్తాను ఏమయ్యా అని పిలిచేది. పశువుల దగ్గర మాత్రం మహా మర్యాద. ఆవును జరగమనాలంటే, "జర అటు జరుగుండ్రమ్మా" అనేది. దుప్పి పేరు చుక్కన్న. పిల్లగా ఉన్నప్పుడు కట్టెలకు పోయినవాళ్ళు తెచ్చి ఇచ్చారట, ఆమె సీసాతో పాలు పట్టి పెంచింది. నేను చూసేనాటికి నిండు పోతు. "చుక్కన్నా, రాండ్రి. పిల్లలచ్చిండ్రు" అని ఆమె అరచెయ్యి చీరకు తుడుచుకుని, చాపి, ముఖం పక్కకు తిప్పుకునేది. కళ్ళలోకి చూస్తే దగ్గరికి రాదట. అరచెయ్యి చాపి ముఖం పక్కకు తిప్పడం, ఆమెను తలుచుకుంటే నాకు మొదట కనబడేది అదే. పిల్లలందరికీ అదే నేర్పింది. వరసగా నిలబడి, చేతుల్లో రేగుపండ్లు పట్టుకుని, ముఖాలు పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి. చుక్కన్న ఒక్కొక్క చెయ్యీ నాకుతూ వచ్చేవాడు.

నా తరగతిలో ఒక పిల్లవాడు భయపడి నా వెనక దాక్కున్నాడు. మొన్న బస్టాండులో కనబడినవాడు వాడే. వాడి చెయ్యి పట్టుకుని చుక్కన్న కొమ్ము మీద పెట్టించాను. ఆ కాలంలో దుప్పి కొమ్ములు ఇంకా పెరుగుతూ, మెత్తటి నూగుతోలు కప్పుకుని ఉంటాయి. వేడిగా ఉంటాయి. వాడి ముఖం విచ్చుకుంది. నేను ఆ అదను వదులుకోలేదు. అక్కడే పిల్లలకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. భయం అజ్ఞానం నుంచి పుడుతుంది, భయం నుంచి దేవుళ్ళూ దయ్యాలూ పుడతాయి. ఈ దుప్పిని చూడండి, తన జాతి భయాన్నే జయించింది, మనిషిని తెలుసుకుంది, భయం పోయింది. ఒక జంతువు చేయగలిగింది మీరు చేయలేరా? వార్డెనమ్మ తల ఊపుతూ వింది. మీరు దేవుణ్ణి తీసేసి మంచి ప్రసంగమే చేస్తరు సారూ అంది. తర్వాత అదే మాటను వ్యాసంగా రాశాను. అది అచ్చయితే ఆ కాగితాన్ని కత్తిరించి, కొట్టం గోడ మీద ఆ మంచుబండి కార్డు పక్కన అంటించింది.

ఆ తర్వాత ప్రతి డిసెంబరులోనూ పోయేవాళ్ళం. మాకు ఎప్పుడూ కొట్లాటే. ఆమెకు ఒక ఊతపదం ఉండేది: "తప్పు నాదే." పాలు విరిగితే తప్పు నాదే. ఖాసిం గుర్రం నాడా ఊడితే తప్పు నాదే. వాన రాకపోయినా తప్పు నాదే అనేది, కొట్టంలో పనివాళ్ళు ఆ మాట ఆమె గొంతుతో అని నవ్వుకునేవారు. నాకు అది ఒళ్ళు మండించేది. ఇది మీ చర్చి అంటించిన జబ్బు, మనిషి పుట్టుకతోనే పాపి అని నూరిపోస్తే ఇట్లాగే వంగిపోతాడు అని ఒకసారి గట్టిగా తగులుకున్నాను.

"చర్చి ఇయ్యలే సారూ, మా అవ్వ ఇచ్చింది. చర్చికి రాకముందు నుంచే ఉన్నది నాకు" అంది. "తప్పు ఎవలిదో తేల్చెటోళ్లు మస్తుమంది ఉన్నరు, మీరు గూడ గంతే. నాది అంటె అక్కడికి లొల్లి బందయితది. ఇగ పని చేసుకోవచ్చు."

అది తర్కం కాదని నేనన్నాను. పాలు పితకడం కూడా తర్కం కాదు అని ఆమె వెళ్ళిపోయింది.

తర్వాత ఒక ఏడు అడవిశాఖ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. అడవి జంతువును ఇళ్ళలో పెంచడానికి చట్టం ఒప్పుకోదనీ, కేసు పెట్టకుండా తీసుకుపోయి లోపలి అడవిలో వదులుతామనీ చెప్పాడు. ఆమె నాకు కబురు పంపింది. వెళ్ళాను. ఏం చేద్దామని అడిగింది. ఆమె నన్ను సలహా అడగడం అదే మొదలు. చట్టం మంచిదే అన్నాను. ఏ జీవికైనా స్వేచ్ఛకు మించింది లేదు, ప్రేమ పేరుతో కట్టేయడం మన దేశంలో ఆడవాళ్ళకు చేస్తున్నదే, మీరూ అదే చేయకండి అన్నాను. ఆ వాక్యం నాకు అప్పుడు చాలా బాగుందనిపించింది. ఆమె చుక్కన్న మెడకు ఉన్న గజ్జె విప్పింది. లారీ ఎక్కడానికి అరచెయ్యి చాపి, ముఖం తిప్పుకుని, రాండ్రి అంది. ఎక్కాడు.

కొన్నాళ్ళకు ఖాసిం సంతలో విన్న మాట తెచ్చాడు. నేను ఆ సాయంత్రం అక్కడే ఉన్నాను, సీమకోళ్ళ గూడు ముందు ఆమె నిలబడి ఉంది. అడవిలో ఎవరో బండ్లు విప్పి వంట చేసుకుంటుంటే ఒక పెద్ద దుప్పి పోతు నడుచుకుంటూ వచ్చిందట. వాళ్ళే భయపడ్డారట. వాళ్ళలో ఒక చిన్నపిల్లవాడు జొన్నరొట్టె ముక్క చాపితే దగ్గరికి వచ్చి తిన్నదట. ఆ తర్వాత దాన్ని పట్టి కోయడానికి తాడు కూడా అక్కర్లేకపోయిందట.

"అడివిల ఉరకని దుప్పిని ఇదే చూసుడు అని చెప్పుకుంట నవ్విండ్రమ్మా" అన్నాడు ఖాసిం. అని తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె నోట తప్పు నాదే అన్న మాట వస్తుందని నేను చూశాను. రాలేదు. వాన రాకపోయినా తన మీద వేసుకునే మనిషి ఆ రోజు ఆ మాట అనలేదు. గూడు తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, కొట్టంలోకి వెళ్ళి గోడ మీది నా వ్యాసం ముందు నిలబడింది. చింపలేదు. చదివింది. చదివి నాతో అంది:

"మీరు రాసింది సూత్రం లెక్క కరెక్టే సారూ. మనిషికి. దానికి ఉన్న ఒక్క ఆస్తి భయం. గది మనం రేగుపండ్లు పెట్టి తీస్కున్నం."

ఇంటికి వచ్చి ఆ మాటకు ఎదురువాదం వెతికాను. పాము కాటుకు మంత్రం వేయించుకునేవాడి భయం వేరు, అలికిడికి చెవులు నిక్కించే జీవి భయం వేరు. ఒకటి అజ్ఞానం. రెండోది తరతరాలుగా చచ్చి నేర్చుకున్న తెలివి. ఈ తేడా సైన్సు మాస్టరుకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా, ఉపన్యాసానికి అడ్డం వస్తుందని చూడలేదు. చుక్కన్న భయాన్ని జయించలేదు, నా మాటలకు పనికొచ్చే ఒక ఉదాహరణ అయ్యాడు, అంతే.

మరుసటి ఎండాకాలంలో కట్టెలవాళ్ళు ఇంకో దుప్పి పిల్లను తెచ్చారు. తల్లిని కుక్కలు చంపాయట. వార్డెనమ్మ అడవిశాఖకు ముందే చెప్పింది, పాలు మాని కొమ్ములు మొలిచే దాకా ఉంచి వదిలేస్తానని. దానికి పేరు పెట్టలేదు. వెనక కంచె దగ్గర దూరంగా ఒక పాక వేయించి అందులో ఉంచింది. పాల సీసాను గోనెపట్టా చిల్లులోంచి చాపేది, తన ముఖం, చెయ్యి కనబడకుండా. హాస్టల్ పిల్లలు అటు పోతే కాళ్ళు విరగ్గొడతానంది. ఆ ఏడు పండుగకు మేం పోతే ఆవులు, మేకలు, సీమకోళ్ళు. దుప్పి ఏదమ్మా అని పిల్లలు అడిగితే, దుప్పి లేదు, సీమకోడిని చూడుండ్రి, దానికి గూడ రోషమున్నది అంది.

ఆ తరువాతి డిసెంబరులో ఆమే కబురు పంపింది. పిల్లలను ఎక్కువమందిని తీసుకురమ్మంది. ఖాసిం మామూలుగానే గజ్జెల గుర్రంతో వచ్చాడు గానీ, క్రిస్మస్ బండి అని పిలవలేదు. పిల్లలకు కేకు పెట్టారు. తర్వాత ఆమె అందరినీ వెనక కంచె దగ్గరికి నడిపించింది. ఒక్కొక్కరి చేతికి సత్తు పళ్ళెం, గరిటె ఇచ్చింది. ఈరోజు దుప్పిని దాని ఇంటికి పంపుతున్నాం, అది మళ్ళీ మనుషుల దగ్గరికి రాకూడదు, అందుకని గట్టిగా అరవాలి, పళ్ళేలు కొట్టాలి అని చెప్పింది. పిల్లలకు అదొక ఆట. ఖాసిం పాక తడిక తీశాడు.

బయటికి వచ్చింది. అప్పుడే కొమ్ములు మొలుస్తున్నాయి. అరుపులకు బెదిరి కంచె తలుపు దాటి కొంత దూరం ఉరికింది. ఆగింది. వెనక్కి చూసింది. గోనెపట్టా వెనక ఎంత దాక్కుంటే ఏం లాభం, దానికి ఆమె వాసన తెలుసు. పళ్ళేల మోతలోంచి నడుచుకుంటూ సూటిగా ఆమె దగ్గరికే వచ్చింది.

ఆమె వంగి మట్టిగడ్డ తీసి కొట్టింది. డొక్కలో తగిలింది. దుప్పి ఎగిరి పక్కకు నిలబడింది. మళ్ళీ ఒక అడుగు ముందుకు వేసింది. ఈసారి రాయి. కాలికి తగిలింది. అప్పటిదాకా నవ్వుతున్న పిల్లలు పళ్ళేలు కొట్టడం ఆపేశారు. ఒక ఆడపిల్ల వద్దమ్మా అని ఏడ్చింది. ఆ ఏడుపు అందరికీ అంటుకుంది.

ఆమె నా వైపు చూసింది.

"సారూ, మీరు గూడ కొట్టుండ్రి. నా ఒక్కదానికే భయపడితె సాలది. రేపు ఎవలో చెయ్యి సాపుతరు. మనిషంటెనే భయపడాలె."

నేను మట్టిగడ్డ తీశాను. బరువు ఇప్పటికీ చేతికి తెలుస్తుంది. చెయ్యి ఎత్తాను కూడా. నా తరగతి పిల్లలు నన్నే చూస్తున్నారు. భయాన్ని చంపండి అని వాళ్ళకు ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి. వాళ్ళ కళ్ళ ముందు ఒక జీవికి భయం నేర్పలేకపోయాను అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది పెద్ద మాట. అసలు సంగతి చిన్నది. పిల్లలు నన్ను చెడ్డవాడు అనుకుంటారని జంకాను. చెయ్యి దించి, గడ్డను కింద పడేశాను.

"మీ చెయ్యి సాఫ్‌గ ఉండాలె గదా" అంది ఆమె. కోపం లేదు ఆ గొంతులో. వంగి నేను పడేసిన గడ్డనే తీసుకుంది. దుప్పి అప్పటికి చాలా దగ్గరికి వచ్చింది, మెడ చాచి ఆమె చేతి వాసన చూడబోతోంది. ఆమె ముఖం పక్కకు తిప్పలేదు. సూటిగా దాని కళ్ళలోకి చూస్తూ మూతి మీద కొట్టింది.

దుప్పి ఒక కూత పెట్టింది. కంచె దాటి, చెట్లలో పడి, మళ్ళీ ఆగలేదు.

పిల్లలు ఏడుస్తూనే టాంగా ఎక్కారు. గుర్రం గజ్జెలు ఖాసిం విప్పేశాడు. ఆమె కంచె తలుపు మూసి, పళ్ళేలు ఏరుకుంటూ, మాకు వీపు తిప్పి అక్కడే ఉండిపోయింది. నేను పిల్లలకు దారిలో అంతా వివరించాలి. అంత పెద్ద సంగతి, ఎన్ని ఉపన్యాసాలకైనా సరిపోయే సంగతి. ఒక్క మాట చెప్పలేదు. చెబితే, మరి మీరెందుకు కొట్టలేదు సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు.

తర్వాత కూడా అప్పుడప్పుడూ పోయేవాణ్ణి. పండుగ విహారం మాత్రం ఆగిపోయింది. కట్టెలమోపులతో అడవిలోంచి వచ్చే ఆడవాళ్ళను ఆమె దారిలో ఆపి ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను.

"మూతి మీద గాటున్న దుప్పి ఏమన్న కనవడ్డదా, మనుషులను చూస్తె ఉరికేది?"

"అన్ని దుప్పులు ఉరుకుతయి గదమ్మా. మూతి చూసేదాక ఏది ఆగుతది" అని ఆ ఆడమనిషి నవ్వింది.

"ఆఁ. గట్లనే ఉండాలె" అంది వార్డెనమ్మ. చాలా తృప్తిగా అంది. చీరకు అరచెయ్యి తుడుచుకుంది, అలవాటుగా. చాపడానికి ఎదురుగా ఏదీ లేదు.

ఆమెకు స్వర్గం ఉందని నేను అనను. అటువంటి చోటు లేదు. చచ్చినవాళ్ళు మిగిలేది బతికినవాళ్ళ జ్ఞాపకంలోనే అని చెప్పేవాణ్ణి నేనే. అందుకే ఆ జ్ఞాపకం తప్పుగా ఉండటానికి వీల్లేదు. మంచిర్యాల బస్టాండులో కనబడిన ఆ పిల్లవాడు, ఇప్పుడు ఒక బిడ్డ తండ్రి, ఇది చదువుతాడో లేదో తెలియదు. చదివితే, తన బిడ్డకు ఈ కథ చెప్పే రోజున ఒక్క ముక్క కలుపుకోమని కోరుతున్నాను. సార్ కొట్టలేదు, నిజమే. సార్ కొట్టలేదు కాబట్టి, సార్ వంతు కూడా ఆమే కొట్టింది.